సర్వర్ డిస్కుల్లో జర్నల్‌ని కమాండ్ లైన్ నుంచి మార్చడం ఎలా: ఈఎక్స్‌టీ4 మీద స్టెప్ బై స్టెప్

ఈఎక్స్‌టీ4 అంటే లినక్స్ సర్వర్లలో డిస్క్ మీద ఫైళ్ళని సర్దిపెట్టే పద్ధతుల్లో (ఫైల్ సిస్టమ్‌లలో) ఒకటి, డిస్క్ మీద చెయ్యబోయే మార్పుల్ని అది ముందుగా రాసుకునే చిట్టానే జర్నల్. ఈ జర్నల్ గురించి నన్ను మళ్ళీ మళ్ళీ అడిగేవి మూడే మూడు. జర్నల్ సైజు పెంచడం ఎలా, జర్నల్ తీసేస్తే స్పీడ్ వస్తుందా, పవర్ పోయి వచ్చాక డిస్క్ మౌంట్ అవ్వట్లేదు (అంటే ఒక డైరెక్టరీకి తగిలి వాడకంలోకి రావట్లేదు) ఇప్పుడేం చెయ్యాలి. మూడింటికీ విడివిడిగా జవాబులు చెప్పీ చెప్పీ, అసలు మొదటి నుంచి చివరిదాకా ఒక్కచోట రాసేద్దాం అనిపించింది.

ఒక్క మాట ముందే పట్టుకోండి, కింద ఎక్కడికెళ్ళినా ఇదే తగులుతుంది. జర్నల్‌లో ఇంకా డిస్క్ మీదకి ఎక్కని పని ఏదైనా మిగిలి ఉంటే దాన్ని ముందు రీప్లే చెయ్యాలి, అంటే ఆ పనిని డిస్క్ మీద పూర్తి చేయించాలి, ఆ తర్వాతే జర్నల్‌ని ముట్టుకోవాలి. నేను చూసిన డేటా నష్టాల్లో ఎక్కువ భాగం ఈ వరస తప్పడం వల్ల జరిగినవే.

కమాండ్లు ఇక్కడ తెలుగు అక్షరాల్లో రాస్తున్నా, మీరు టెర్మినల్‌లో కొట్టేది మామూలు ఇంగ్లీష్ అక్షరాల్లోనే కదా. ఆప్షన్ అక్షరం పెద్దదైన చోట పక్కనే చెప్తాను, చెప్పకపోతే చిన్నక్షరం అని లెక్క. ఈ టూల్స్‌లో చిన్న ఓ వేరు, పెద్ద ఓ వేరు, అది మర్చిపోవద్దు. ఉదాహరణకి డిస్క్ /డెవ్/ఎస్‌డీబీ1, అది /డేటా దగ్గర మౌంట్ అయి ఉంది అనుకుందాం. అన్నీ రూట్ యూజర్‌గానే.

1. ముందు ఇప్పుడున్న పరిస్థితి చదవండి

ఏమీ మార్చకుండా, డిస్క్ మౌంట్ అయి ఉండగానే ఇవి కొట్టొచ్చు, వీటివల్ల ప్రమాదం లేదు.

ఎల్ఎస్‌బీఎల్‌కే -ఎఫ్
ఫైండ్ఎంఎన్‌టీ /డేటా
ట్యూన్2ఎఫ్ఎస్ -ఎల్ /డెవ్/ఎస్‌డీబీ1
డంప్ఈ2ఎఫ్ఎస్ -హెచ్ /డెవ్/ఎస్‌డీబీ1

మొదటిదాంట్లో ఫైల్ సిస్టమ్ రకం, యూయూఐడీ (ఆ డిస్క్‌కి మాత్రమే ఉండే గుర్తింపు నంబర్) కనిపిస్తాయి. రకం ఎక్స్ఎఫ్ఎస్ అని ఉంటే ఇక్కడే ఆగి నేరుగా 10వ భాగానికి వెళ్ళండి, ఎందుకంటే ట్యూన్2ఎఫ్ఎస్ దానికి పనికిరాదు.

ట్యూన్2ఎఫ్ఎస్ ఇచ్చే జాబితాలో ఫైల్ సిస్టమ్ ఫీచర్స్ అనే లైన్ చూడండి. అందులో హ్యాజ్_జర్నల్ ఉంటే జర్నల్ ఉన్నట్టు. అదే లైన్లో నీడ్స్_రికవరీ కూడా కనిపిస్తే కంగారు పడకండి, డిస్క్ రైట్ చేసేలా మౌంట్ అయి ఉన్నంతసేపూ అది ఉంటుంది, మామూలే. కానీ యూమౌంట్ చేశాక (డిస్క్‌ని వాడకంలోంచి తీశాక) కూడా అది ఉందంటే మాత్రం జర్నల్‌లో రీప్లే కావాల్సిన పని మిగిలింది అని అర్థం.

జర్నల్ ఐనోడ్ (ఐనోడ్ అంటే ఒక ఫైల్ వివరాలు ఉండే నంబర్ గల చోటు) దగ్గర 8 అని ఉంటుంది, లోపలి జర్నల్ అంటే మామూలుగా ఐనోడ్ 8లోనే ఉంటుంది. టాప్‌లో, ఐఓటాప్‌లో మీకు జేబీడీ2/ఎస్‌డీబీ1-8 అని కనిపించే కెర్నల్ థ్రెడ్‌లో చివరి 8 అదే, జేబీడీ2 అంటే జర్నల్ పని చూసే కెర్నల్ భాగం.

డంప్ఈ2ఎఫ్ఎస్‌లో జర్నల్ సైజు చూసి రాసుకోండి. పాత టూల్స్‌తో ఫార్మాట్ చేసిన డిస్కుల్లో ఎంత పెద్ద డిస్కైనా 128 ఎంబీ దగ్గరే ఆగిపోయి ఉంటుంది, కొత్త టూల్స్ అయితే 128 జీబీ దాటిన డిస్కులకి 1 జీబీ దాకా ఇస్తాయి. చాలామంది సర్వర్ ఓఎస్ మార్చుకుంటూ పోతారు గానీ డేటా డిస్క్ ఎప్పుడో ఫార్మాట్ చేసిందే ఉంటుంది కాబట్టి జర్నల్ చిన్నగానే మిగిలిపోతుంది, ఈ సంగతి ఎవరూ చూడరు.

ఇంకొకటి, ఫైల్ సిస్టమ్ స్టేట్ అనే లైన్. క్లీన్ అని ఉంటే మంచిది. క్లీన్ విత్ ఎర్రర్స్ అని ఉంటే జర్నల్ సంగతి తర్వాత, ముందు చెక్ చెయ్యాలి, ఎందుకంటే కెర్నల్ ఎప్పుడో ఒక తప్పు పట్టుకుని అక్కడ రాసిపెట్టింది, మీరు చూడలేదు అంతే.

2. అసలు మార్చాలా అని తేల్చుకోండి

స్పీడ్ కోసం అయితే ముందు ఈ ఫైల్ చదవండి:

క్యాట్ /ప్రాక్/ఎఫ్ఎస్/జేబీడీ2/ఎస్‌డీబీ1-8/ఇన్ఫో

మౌంట్ అయినప్పటి నుంచి ఎన్ని ట్రాన్సాక్షన్లు (జర్నల్‌లో ఒక్కటిగా రాసే మార్పుల కట్టలు) అయ్యాయి, అందులో అడిగి చేయించినవి ఎన్ని, ఒక్కో కమిట్‌కి (ఆ కట్టని జర్నల్‌లో రాసి ఖాయం చెయ్యడానికి) సగటున ఎంత టైమ్ పట్టింది అన్నీ ఇందులో ఉంటాయి. సగటు కమిట్ టైమ్ మైక్రోసెకన్లలో ఉంటుంది, మిల్లీసెకన్లు అనుకుని బెదిరిపోకండి. ఈ మొత్తం అవుట్‌పుట్‌ని ఒక ఫైల్లో దాచుకోండి, మార్పు చేశాక పోల్చుకోవడానికి ఇదే ఆధారం.

అడిగి చేయించిన కమిట్లు మొత్తానికి దగ్గరగా ఉంటే మీ సర్వర్ మీద డేటాబేసో, మెయిలో ఎఫ్‌సింక్ (రాసింది వెంటనే డిస్క్ మీదకి చేర్చమనే పిలుపు) గట్టిగా కొడుతోందన్నమాట. అప్పుడు కమిట్ ఇంటర్వల్ (కమిట్‌కీ కమిట్‌కీ మధ్య గ్యాప్) పెంచినా ఒరిగేదేం ఉండదు, ఎఫ్‌సింక్ వచ్చినప్పుడల్లా టైమర్‌తో సంబంధం లేకుండా కమిట్ జరగాల్సిందే. అక్కడ పనికొచ్చేది వేగమైన డిస్కో, వేరే డివైస్ మీద పెట్టిన జర్నలో.

జర్నల్ పూర్తిగా తీసేయడం మాత్రం నేను ఒక్క సందర్భంలోనే ఒప్పుకుంటాను. ఆ డిస్క్ మీద ఉన్నదంతా పోయినా మళ్ళీ ఇంకో చోటి నుంచి తయారు చేసుకోగలిగేది అయి ఉండాలి, క్యాషీ, బిల్డ్ ఫోల్డర్, తాత్కాలిక ఫైళ్ళు ఇలాంటివి. మిగతా దేనికీ వద్దు. జర్నల్ లేని డిస్క్ ఒక్కసారి అర్ధాంతరంగా ఆగితే మొత్తం చెక్ చేసి తీరాలి, టెరాబైట్లున్న డిస్క్ అయితే ఆ చెక్ ఎంతసేపు పడుతుందో చెప్పలేం, అంతసేపూ సర్వీస్ ఆగే ఉంటుంది.

3. ముందు ఫైల్ మీద ప్రాక్టీస్ చెయ్యండి

ఇది దాటేసి వెళ్ళిపోకండి, పది నిమిషాల పని. నిజం డిస్క్ అక్కర్లేదు, ఒక ఖాళీ ఫైల్‌నే డిస్క్‌లా వాడొచ్చు.

ట్రంకేట్ -ఎస్ 4జీ టెస్ట్.ఐఎంజీ
ఎంకేఎఫ్ఎస్.ఈఎక్స్‌టీ4 టెస్ట్.ఐఎంజీ
డంప్ఈ2ఎఫ్ఎస్ -హెచ్ టెస్ట్.ఐఎంజీ

మొదటి కమాండ్‌లో సైజు పక్కన జీ పెద్దక్షరం. కింద చెప్పబోయే 5, 6 భాగాలు రెండూ ముందు ఈ ఫైల్ మీద కొట్టి చూడండి, డివైస్ పేరు బదులు ఫైల్ పేరు ఇస్తే చాలు. చెయ్యి అలవాటు పడుతుంది, ఏ కమాండ్ ఏం చెప్తుందో ముందే తెలుస్తుంది, రాత్రి రెండింటికి నిద్రమత్తులో నిజం డిస్క్ మీద కొత్తగా నేర్చుకోవాల్సిన అవసరం ఉండదు.

4. డిస్క్‌ని నిజంగా ఎవరూ వాడకుండా చేసి యూమౌంట్ చెయ్యడం

నాకు అన్నిటికంటే ఎక్కువ టైమ్ తినేది ఈ స్టెప్పే, కాబట్టి దీని మీద కాస్త ఎక్కువే రాస్తున్నా.

మొదలుపెట్టే ముందు ఇవి ఉన్నాయో లేదో చూసుకోండి:

- బ్యాకప్ ఉంది, దాంట్లోంచి కనీసం ఒక ఫైల్ వెనక్కి తీసి చూశాం
- నెట్‌వర్క్ పోయినా సర్వర్ స్క్రీన్ కనిపించే దారి ఉంది, అంటే రిమోట్ కన్సోల్ లాంటిది
- టీమక్స్ గానీ స్క్రీన్ గానీ లోపల పని చేస్తున్నాం, కనెక్షన్ తెగినా కమాండ్ ఆగదు
- ట్యూన్2ఎఫ్ఎస్ -ఎల్, డంప్ఈ2ఎఫ్ఎస్ -హెచ్ అవుట్‌పుట్ వేరే మెషీన్‌లో దాచాం
- డివైస్ పేరు కాకుండా యూయూఐడీతో ఇదే డిస్క్ అని రెండోసారి సరిచూశాం

చివరి పాయింట్ ఎందుకంటే రీబూట్ తర్వాత ఎస్‌డీబీ కాస్తా ఎస్‌డీసీ అయిపోవడం మామూలు విషయం. నిన్న రాసుకున్న కాగితం చూసి ఇవాళ కమాండ్ కొట్టొద్దు.

ఇప్పుడు ఆ డిస్క్‌ని ఎవరు వాడుతున్నారో చూడండి:

ఎఫ్‌యూజర్ -వీఎం /డేటా

కనిపించిన సర్వీసులన్నీ సిస్టమ్‌సీటీఎల్ స్టాప్‌తో ఆపి యూమౌంట్ కొట్టండి. అన్నట్టు ఆ కమాండ్ స్పెల్లింగ్‌లో మొదటి యూ తర్వాత ఎన్ లేదు, కొత్తవాళ్ళు అక్కడే ఆగిపోతుంటారు.

యూమౌంట్ /డేటా

ఒక్కోసారి ఎఫ్‌యూజర్ ఎవరూ లేరంటుంది, యూమౌంట్ మాత్రం బిజీ అంటుంది. అప్పుడు వరసగా వీటిని చూడండి. ఎన్ఎఫ్ఎస్ ఎక్స్‌పోర్ట్ (నెట్‌వర్క్ మీద వేరే మెషీన్లకి ఆ డిస్క్‌ని పంచడం) ఉందా, కెర్నల్ లోపలి ఎన్ఎఫ్ఎస్ సర్వర్ ఎఫ్‌యూజర్‌లో మామూలు ప్రాసెస్‌లా కనపడకపోవచ్చు, ఎక్స్‌పోర్ట్ తీసేయాలి. ఆ డిస్క్ మీదున్న ఫైల్ ఏదైనా స్వాప్‌గా గానీ లూప్ డివైస్‌గా గానీ వాడుతున్నారా, స్వాప్ఆన్ --షో, ఎల్ఓసెటప్ -ఏ చెప్తాయి. /డేటా లోపల ఇంకేదైనా మౌంట్ అయి ఉందా, ఫైండ్ఎంఎన్‌టీ -ఆర్ /డేటా కొడితే తెలుస్తుంది, ఇక్కడ ఆర్ పెద్దక్షరం.

కంటైనర్లు నడిచే సర్వర్ అయితే ఇంకో చిక్కు ఉంది, మీ దగ్గర యూమౌంట్ బాగానే అయినట్టు కనిపిస్తుంది గానీ ఏదో కంటైనర్ తన మౌంట్ నేమ్‌స్పేస్‌లో (తనకి విడిగా ఉండే మౌంట్ల జాబితాలో) ఆ డిస్క్‌ని ఇంకా పట్టుకునే ఉంటుంది.

గ్రెప్ -ఎల్ ఎస్‌డీబీ1 /ప్రాక్/*/మౌంట్స్

ఇది ఎవరు పట్టుకున్నారో ప్రాసెస్ నంబర్‌తో సహా చూపిస్తుంది. ఆ కంటైనర్ ఆపితేనే డిస్క్ నిజంగా వదిలినట్టు.

యూమౌంట్ -ఎల్ వాడొద్దు. అది డిస్క్‌ని డైరెక్టరీ చెట్టులోంచి దాచేస్తుంది అంతే, తెరిచి ఉన్న ఫైళ్ళు తెరిచే ఉంటాయి, రాతలు లోపల నడుస్తూనే ఉంటాయి. పైగా ఇంక ఎవరు వాడుతున్నారో కనుక్కోవడం కూడా కష్టమవుతుంది.

ఇది కూడా మర్చిపోవద్దు, యూమౌంట్ అయ్యాక /డేటా అనే ఖాళీ డైరెక్టరీ రూట్ డిస్క్ మీద అలాగే ఉంటుంది. క్రాన్ జాబ్ ఏదో గంటకోసారి అందులో ఫైళ్ళు రాస్తూ ఉంటే అవన్నీ రూట్ డిస్క్ మీద పడి అది నిండిపోతుంది, మళ్ళీ మౌంట్ చేశాక ఆ ఫైళ్ళు కింద దాగిపోతాయి కాబట్టి డిస్క్ ఎందుకు నిండిందో అర్థం కాక జుట్టు పీక్కుంటాం. నాకు ఇది ఒకసారి జరిగింది, ఓ పూట మొత్తం పోయింది. అప్పటి నుంచి యూమౌంట్ చేసిన వెంటనే ఇది కొడతాను:

సీహెచ్ఏటీటీఆర్ +ఐ /డేటా

ఖాళీ డైరెక్టరీ మీద ఈ గుర్తు ఉంటే ఎవరూ అందులో రాయలేరు, పైన డిస్క్ మౌంట్ చేస్తే దానికేమీ అడ్డం రాదు.

5. రీప్లే, పూర్తి చెక్

ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్ -సీ 0 /డెవ్/ఎస్‌డీబీ1

సీ పెద్దక్షరం, దాంతో ఎంతదాకా వచ్చిందో గీత కనిపిస్తుంది. జర్నల్‌లో ఏదైనా మిగిలి ఉంటే ఈ కమాండే ముందు దాన్ని రీప్లే చేసి, తర్వాత మొత్తం చెక్ చేస్తుంది.

అయ్యాక వెంటనే ఎకో $? కొట్టి నంబర్ చూడండి. 0 అంటే తప్పులేం లేవు. 1 అంటే తప్పులు దొరికాయి, సరిచేసింది. 2 అంటే సరిచేసింది గానీ రీబూట్ చెయ్యాలి. 4 అంటే ఇంకా సరికాని తప్పులు మిగిలాయి, 8 అంటే కమాండే నడవడంలో ఇబ్బంది వచ్చింది. ఇవి కలిసి కూడా రావొచ్చు, 12 వస్తే 8, 4 రెండూ అన్నమాట. 1 వస్తే ఇంకోసారి నడిపి 0 వచ్చేదాకా ముందుకెళ్ళకండి.

మౌంట్ అయి ఉన్న డిస్క్ మీద ఇది ఎప్పుడూ నడపొద్దు. -ఎన్ పెట్టి చదవడానికే నడుపుతున్నా కదా అనుకుంటారు కొందరు, పాడవ్వదు నిజమే గానీ డిస్క్ కదులుతూ ఉండగా అది చూపించే తప్పులు నమ్మలేం.

తర్వాత మళ్ళీ ట్యూన్2ఎఫ్ఎస్ -ఎల్ కొట్టండి. స్టేట్ క్లీన్ అని ఉండాలి, ఫీచర్స్‌లో నీడ్స్_రికవరీ ఉండకూడదు. ఈ రెండూ కళ్ళతో చూశాకే 6వ భాగం.

6. జర్నల్ సైజు మార్చడం

ఉన్న జర్నల్‌ని సాగదీసే కమాండ్ లేదు. పాతది తీసేసి కొత్త సైజుతో మళ్ళీ పెట్టాలి.

ట్యూన్2ఎఫ్ఎస్ -ఓ ^హ్యాజ్_జర్నల్ /డెవ్/ఎస్‌డీబీ1
ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్ /డెవ్/ఎస్‌డీబీ1
ట్యూన్2ఎఫ్ఎస్ -జే సైజ్=1024 /డెవ్/ఎస్‌డీబీ1
ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్ /డెవ్/ఎస్‌డీబీ1
డంప్ఈ2ఎఫ్ఎస్ -హెచ్ /డెవ్/ఎస్‌డీబీ1

ఓ, జే రెండూ పెద్దక్షరాలే. ^ గుర్తు ఆ ఫీచర్‌ని తీసెయ్యి అని చెప్పడానికి. సైజు ఎంబీల్లో, కాబట్టి 1024 అంటే 1 జీబీ.

జర్నల్ కనీసం 1024 బ్లాకులుండాలి, బ్లాక్ 4కే అయితే అది 4 ఎంబీ. పైన హద్దు 1,02,40,000 బ్లాకులు గానీ మొత్తం ఫైల్ సిస్టమ్‌లో సగం గానీ, ఏది తక్కువైతే అది. అంతదాకా వెళ్ళే పనే ఉండదు. చిన్న ఫైళ్ళు లక్షల్లో తయారై చెరిగిపోయే సర్వర్‌కి 1 జీబీ దగ్గర మొదలుపెట్టండి, డేటా కూడా జర్నల్‌లోంచి పంపే మోడ్ వాడతారనుకుంటే ఇంకా పెంచుకోవచ్చు. మరీ పెద్దది పెడితే క్రాష్ తర్వాత రీప్లేకి కూడా ఆ మేరకు టైమ్ పడుతుంది, అది లెక్కలో పెట్టుకోండి.

నీడ్స్_రికవరీ ఉండగా జర్నల్ తీసేయబోతే ట్యూన్2ఎఫ్ఎస్ ఒప్పుకోదు, ముందు ఈ2ఎఫ్ఎస్‌సీకే నడపమంటుంది. ఆ మాట వినండి. -ఎఫ్ పెట్టి బలవంతం చెయ్యకండి.

మొదటి కమాండ్‌కీ మూడోదానికీ మధ్యలో డిస్క్‌కి జర్నల్ లేదు, ఆ మధ్యలో మౌంట్ చెయ్యకండి. సరిగ్గా అప్పుడే పవర్ పోతే కూడా భయపడక్కర్లేదు, రీబూట్ అయ్యాక ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఎఫ్ నడిపి మూడో కమాండ్ నుంచి కొనసాగించండి. అందుకే రీబూట్‌లో అది తనంతట తాను మౌంట్ అవ్వకుండా పని మొదలుపెట్టే ముందు ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో ఏ డిస్క్ ఎక్కడ మౌంట్ అవ్వాలో రాసే ఫైల్) ఆ లైన్ ముందు # పెట్టడం మంచిది, పని అయ్యాక తీసెయ్యాలి మరి.

మౌంట్ అయి ఉండగానే జర్నల్ చేరిస్తే ఏమవుతుంది అని అడుగుతారు. చేరుతుంది, కాకపోతే పై డైరెక్టరీలో .జర్నల్ అనే ఫైల్ కనిపిస్తుంది. ఏదో చెత్త ఫైల్ అనుకుని దాన్ని తీసేయడానికి ప్రయత్నించొద్దు, ఇమ్యూటబుల్ గుర్తు దాని మీద ఉన్నది అందుకే. తర్వాత యూమౌంట్ చేసి ఈ2ఎఫ్ఎస్‌సీకే నడిపినప్పుడు అదే దాన్ని లోపలి ఐనోడ్‌లోకి మార్చేస్తుంది.

రూట్ డిస్క్ అయితే ఇవన్నీ నడుస్తున్న సిస్టమ్ నుంచి కుదరవు. రెస్క్యూ ఇమేజ్‌తో బూట్ చెయ్యండి, క్లౌడ్ మెషీన్ అయితే ఆపి దాని డిస్క్‌ని వేరే మెషీన్‌కి తగిలించి అక్కడ చెయ్యండి.

7. జర్నల్ మోడ్ మార్చడం

మూడు మోడ్‌లున్నాయి. ఆర్డర్డ్ మామూలుగా వచ్చేది: మెటాడేటా (ఫైల్ పేరు, సైజు, ఎక్కడుంది లాంటి వివరాలు) మాత్రమే జర్నల్‌లోకి వెళ్తుంది, కానీ దానికి ముందే డేటా డిస్క్ మీదకి చేరుతుంది. రైట్‌బ్యాక్‌లో ఆ వరస గ్యారంటీ ఉండదు, క్రాష్ తర్వాత ఫైల్లో పాత చెత్త బ్లాకులు కనిపించొచ్చు. డేటా=జర్నల్ అంటే డేటా కూడా జర్నల్‌లోంచే వెళ్తుంది, ప్రతీదీ రెండుసార్లు రాయాలి, పైగా డిలేడ్ అలొకేషన్ (డిస్క్ మీద చోటు కేటాయించడం కాస్త ఆలస్యం చెయ్యడం), డైరెక్ట్ ఐఓ (కెర్నల్ క్యాషీని దాటి నేరుగా డిస్క్‌తో పని) పనిచేయవు.

ఏది వాడాలో తెలియకపోతే ఆర్డర్డ్‌లోనే ఉంచెయ్యండి. డైరెక్ట్ ఐఓ నడిపే డేటాబేస్ ఉన్న డిస్క్‌కి డేటా=జర్నల్ పెట్టడంలో అర్థం లేదు.

ట్యూన్2ఎఫ్ఎస్ -ఓ జర్నల్_డేటా_ఆర్డర్డ్ /డెవ్/ఎస్‌డీబీ1

ఇక్కడ ఓ చిన్నక్షరం, ఇది సూపర్‌బ్లాక్‌లో (ఫైల్ సిస్టమ్ సెట్టింగులు ఉండే చోట) రాసిపెడుతుంది. మిగతా రెండింటికి జర్నల్_డేటా, జర్నల్_డేటా_రైట్‌బ్యాక్ అని ఇవ్వాలి. లేదంటే ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో డేటా=ఆర్డర్డ్ అని రాయొచ్చు. ఒకేచోట రాయండి, రెండుచోట్లా రెండు రకాలుగా ఉంటే ఎఫ్ఎస్‌ట్యాబ్‌దే చెల్లుతుంది గానీ తర్వాత చూసేవాళ్ళు తికమక పడతారు.

జాగ్రత్తగా చదవండి, ఈ మోడ్ రీమౌంట్‌తో (మౌంట్ అయి ఉండగానే ఆప్షన్లు మార్చడంతో) మారదు. డేటా డిస్క్ అయితే యూమౌంట్ చేసి మౌంట్ చేస్తే సరిపోతుంది. రూట్ డిస్క్ విషయంలో ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో డేటా=రైట్‌బ్యాక్ అని రాసి రీబూట్ చేస్తే ఏమవుతుందంటే, కెర్నల్ ముందు ఆర్డర్డ్‌లో చదవడానికి మౌంట్ చేస్తుంది, తర్వాత ఎఫ్ఎస్‌ట్యాబ్ చూసి రీమౌంట్ చెయ్యబోతే మోడ్ మార్చలేను అని ఫెయిల్ అవుతుంది, రూట్ డిస్క్ రీడ్ ఓన్లీగానే మిగిలిపోతుంది, సర్వర్ సరిగ్గా లేవదు. ఇలా ఆగిపోతే కన్సోల్ నుంచి మౌంట్ -ఓ రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ / కొట్టండి, అది కూడా ఎఫ్ఎస్‌ట్యాబ్ చదివి అదే ఎర్రర్ ఇస్తే డివైస్ పేరు, / రెండూ కలిపి ఇవ్వండి, అప్పుడు ఎఫ్ఎస్‌ట్యాబ్ జోలికి పోదు. తర్వాత ఎఫ్ఎస్‌ట్యాబ్‌లోంచి ఆ డేటా=రైట్‌బ్యాక్ మాట తీసేయండి. రూట్‌కి మోడ్ నిజంగా కావాలంటే కెర్నల్ లైన్లో రూట్‌ఫ్లాగ్స్=డేటా=రైట్‌బ్యాక్ అని ఇవ్వాలి, లేదా పైన చెప్పిన ట్యూన్2ఎఫ్ఎస్ దారి.

ఒక్క ఫైల్‌కి మాత్రమే డేటా జర్నలింగ్ కావాలంటే సీహెచ్ఏటీటీఆర్ +జే ఉంది, మొత్తం డిస్క్‌ని నెమ్మది చెయ్యక్కర్లేదు.

ఎఫ్ఎస్‌ట్యాబ్ మార్చిన ప్రతిసారీ సిస్టమ్‌సీటీఎల్ డీమన్-రీలోడ్ కొట్టి, రీబూట్ కోసం ఆగకుండా అక్కడికక్కడే మౌంట్ /డేటా చేసి చూడండి.

8. కమిట్ ఇంటర్వల్, బ్యారియర్

కమిట్ మామూలుగా 5 సెకన్లు. దీన్ని నడుస్తుండగానే మార్చొచ్చు:

మౌంట్ -ఓ రీమౌంట్,కమిట్=15 /డేటా

అంటే పవర్ పోతే సుమారు 15 సెకన్ల మెటాడేటా మార్పులు పోవచ్చు, డిలేడ్ అలొకేషన్ వల్ల అంతకంటే పాత డేటా కూడా పోవచ్చు అని ఒప్పుకున్నట్టు. ముందు నోఏటైమ్ పెట్టి చూడండి, చాలాసార్లు అదే సరిపోతుంది, దాంట్లో పోయేది ఫైల్‌ని చివరిసారి ఎప్పుడు చదివారన్న లెక్క ఒక్కటే.

బ్యారియర్ అంటే రాతలు సరైన వరసలో డిస్క్ మీదకి చేరేలా చూసే ఏర్పాటు, దాన్ని ఆపేసే నోబ్యారియర్ మాత్రం వద్దు. కంట్రోలర్‌లో బ్యాటరీ ఉన్న రైట్ క్యాషీ ఉండి, ఆ బ్యాటరీ బాగుందని రోజూ ఎవరో చూస్తూ ఉంటే తప్ప. బ్యారియర్ లేకపోతే డిస్క్ లోపలి క్యాషీ రాతల వరస మార్చేస్తుంది, అప్పుడు జర్నల్ ఉన్నా కూడా దాన్ని నమ్మలేం.

9. క్రాష్ తర్వాత

డిస్క్ ఉన్నట్టుండి రీడ్ ఓన్లీ అయిపోతే డీమెసేజ్‌లో (కెర్నల్ సందేశాల్లో) చూడండి, జర్నల్ ఆపేస్తున్నాను అనే అర్థంతో అబార్టింగ్ జర్నల్ అని లైన్ ఉంటుంది. చాలామంది అక్కడే రీమౌంట్,ఆర్‌డబ్ల్యూ కొట్టేస్తారు. ఆగండి, ఆ లైన్‌కి పైన ఉన్నవి చదవండి. ఐఓ ఎర్రర్లు ఉంటే తప్పు జర్నల్‌ది కాదు, డిస్క్‌దో కేబుల్‌దో, స్మార్ట్‌సీటీఎల్ -ఏ కొట్టి చూడాలి.

డిస్క్ చచ్చిపోతోందని అనుమానం ఉంటే ఏ రిపేరూ చెయ్యకుండా ముందు డీడీరెస్క్యూతో కాపీ తీసుకోండి, రిపేర్ కాపీ మీద.

డేటా చూడాలి గానీ డిస్క్‌ని ముట్టుకోకూడదు అంటే:

మౌంట్ -ఓ ఆర్ఓ,నోలోడ్ /డెవ్/ఎస్‌డీబీ1 /ఎంఎన్‌టీ

ఉత్త ఆర్ఓ చాలదు. రీడ్ ఓన్లీ అని మౌంట్ చేసినా ఈఎక్స్‌టీ4 జర్నల్‌ని రీప్లే చేస్తుంది, అంటే డిస్క్ మీద రాస్తుంది. నోలోడ్ పెడితేనే ఆ పని మానుతుంది. రీప్లే జరగలేదు కాబట్టి కొన్ని ఫైళ్ళు అస్తవ్యస్తంగా కనిపించొచ్చు, అది సహజం.

హార్డ్‌వేర్ బాగానే ఉందని తేలితే యూమౌంట్ చేసి 5వ భాగం. జర్నల్ మాత్రమే రీప్లే చేసి పూర్తి చెక్ తర్వాత చేద్దాం అనుకుంటే ఈ2ఎఫ్ఎస్‌సీకే -ఈ జర్నల్_ఓన్లీ ఉంది, ఈ పెద్దక్షరం.

వేరే డివైస్ మీద జర్నల్ పెట్టుకున్నవాళ్ళకి ఇంకో మాట. అది పెట్టేటప్పుడు జర్నల్ డివైస్ బ్లాక్ సైజు, డేటా డిస్క్ బ్లాక్ సైజు ఒకటే ఉండాలి, లోపలి పాత జర్నల్‌ని 6వ భాగంలో లాగా తీసేసి ఉండాలి:

ఎంకేఈ2ఎఫ్ఎస్ -ఓ జర్నల్_డెవ్ -బీ 4096 /డెవ్/ఎస్‌డీసీ1
ట్యూన్2ఎఫ్ఎస్ -జే డివైస్=/డెవ్/ఎస్‌డీసీ1 /డెవ్/ఎస్‌డీబీ1

రెండుచోట్లా ఓ, జే పెద్దవి. మొదటి కమాండ్ ఎస్‌డీసీ1 మీదున్నదంతా చెరిపేస్తుంది, పేరు రెండుసార్లు చూసుకోండి. ఆ చిన్న జర్నల్ డివైస్ పోతే పెద్ద డిస్క్ కూడా ఆగిపోతుంది కాబట్టి దాన్ని మిర్రర్ చెయ్యకుండా పెట్టొద్దు. నిజంగానే పోయిందనుకోండి, ట్యూన్2ఎఫ్ఎస్ -ఎఫ్ -ఓ ^హ్యాజ్_జర్నల్ అని తీసేయొచ్చు (ఇక్కడా ఓ పెద్దక్షరం), రీప్లే కావాల్సింది మిగిలి ఉంటే -ఎఫ్ రెండుసార్లు అడుగుతుంది. అలా రెండోసారి అడిగిందంటే ఆ జర్నల్‌లో ఉన్న పనంతా పోతుంది, ఫైల్ సిస్టమ్ దెబ్బతినొచ్చు అని చెప్తున్నట్టే. ముందు మొత్తం డిస్క్‌కి కాపీ తీసి, ఆ జర్నల్ డివైస్‌ని బతికించడానికి చెయ్యగలిగింది అంతా చేసి, ఇంక దారి లేదనుకున్నాకే.

10. ఎక్స్ఎఫ్ఎస్ వాడేవాళ్ళకి

ఇక్కడ జర్నల్‌ని లాగ్ అంటారు. తీసేయడం ఉండదు, ఫార్మాట్ చేశాక సైజు మార్చడం కూడా ఉండదు, ఎక్స్ఎఫ్ఎస్_ఇన్ఫో /డేటా కొడితే ఎంతుందో కనిపిస్తుంది. రాతలు ఎక్కువున్న సర్వర్‌కి మౌంట్ ఆప్షన్‌లో లాగ్‌బీసైజ్=256కే ప్రయత్నించొచ్చు.

ఎఫ్ఎస్‌సీకే.ఎక్స్ఎఫ్ఎస్ అనే కమాండ్ ఉంది గానీ అది మామూలుగా ఏ చెక్కూ చెయ్యదు, దాన్ని నమ్ముకోకండి. రీప్లే కావాలంటే డిస్క్‌ని ఒకసారి మౌంట్ చేసి యూమౌంట్ చెయ్యడమే, ఆ తర్వాత ఎక్స్ఎఫ్ఎస్_రిపేర్ -ఎన్ తో చూసి, అవసరమైతే -ఎన్ లేకుండా నడపండి. లాగ్‌లో పని మిగిలి ఉంటే రిపేర్ మొరాయిస్తుంది, పెద్ద ఎల్ ఆప్షన్ వాడొచ్చని అక్కడే చూపిస్తుంది. చూపించింది కదా అని కొట్టేయకండి, అది లాగ్‌ని సున్నా చేసేస్తుంది, చివరి మార్పులన్నీ పోతాయి. ముందు మౌంట్ ప్రయత్నం, అది కుదరకపోతే కాపీ, ఆ తర్వాతే ఆ ఎల్.

11. మార్పు అయ్యాక చూడాల్సినవి

- ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో # తీశామా, డీమన్-రీలోడ్ కొట్టామా
- ఆ లైన్ చివరి అంకె 2 ఉందా. 0 అయితే బూట్‌లో చెక్ నడవదు, రీప్లే కెర్నల్ చేస్తుంది గానీ ఎర్రర్ గుర్తు పడినా ఎవరూ పట్టించుకోరు
- డీమెసేజ్‌లో ఆ డిస్క్ ఏ డేటా మోడ్‌తో మౌంట్ అయిందో లైన్ కనిపిస్తోందా
- జర్నల్ తీసేసిన డిస్క్ అయితే ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో డేటా=, కమిట్= మాటలు మిగిలాయా, అవి ఉంటే మౌంట్ కాదు
- ఆపిన సర్వీసులు, క్రాన్, ఎన్ఎఫ్ఎస్ ఎక్స్‌పోర్ట్ అన్నీ మళ్ళీ మొదలయ్యాయా
- కుదిరితే జనం లేని టైమ్‌లో ఒక రీబూట్

రెండు మూడు రోజులు మామూలు లోడ్ నడిచాక జేబీడీ2 ఇన్ఫో ఫైల్ మళ్ళీ చదివి మొదట దాచుకున్నదాంతో పోల్చండి. ఆ లెక్కలు మౌంట్ అయినప్పుడల్లా సున్నా నుంచి మొదలవుతాయి కాబట్టి మొత్తాలు కాదు, సగటు కమిట్ టైమ్ చూడాలి. అది తగ్గకపోతే ఇబ్బంది జర్నల్ సైజులో లేదు, ఐఓస్టాట్ -ఎక్స్ 1 తెరిచి డిస్క్ రాతలకి ఎంతసేపు తీసుకుంటోందో చూడటం మొదలుపెట్టండి.